మంచినీటి జాడ పట్టుకొని: విశాఖ–భీమిలి పరిసరాల చరిత్రను కాలినడకన తెలుసుకోవడం ఎలా?

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం (భీమిలి) వెళ్ళే తీరపు రహదారిలో కుడివైపున సముద్రం, ఎడమవైపున కొండలు వెంట వస్తూ ఉంటాయి. ఆ దారిన వెళ్ళే వాహనాల్లో అందరి చూపూ కుడివైపే ఉంటుంది. ఎడమవైపు కొండల మీద రెండు వేల ఏళ్ళకు పైబడిన ఆవాసాల పునాదులున్నాయన్న సంగతి విశాఖలో పుట్టి పెరిగినవారిలో కూడా ఎందరికో తెలియదు. ఈ పరిసరాలను కాలినడకన చూడాలనుకునేవారికి చాలా ఏళ్ళ తిరుగుడు తరువాత నాకు కుదిరిన ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఆ పద్ధతి చాలా సులువైనది. ఏ చోటికి వెళ్ళినా అక్కడి కట్టడం గురించి, రాజుల గురించి అడగడానికి ముందు, ఇక్కడివారికి తాగే నీరు ఎక్కడి నుంచి వచ్చేదని అడగండి. సముద్రం పక్కన బతికేవారికి నీటికి కొదవ లేదు గాని తాగే నీటికే కొదవ. అందుకే ఈ తీరంలో మనుషులు ఎక్కడ నిలిచారో, ఎందుకు నిలిచారో చాలావరకు మంచినీరే చెబుతుంది.

బయలుదేరే ముందు

నవంబరు రెండవ పక్షం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఇక్కడ నడవడానికి అనువైన కాలం. మార్చి దాటితే ఉక్కపోత మనిషిని నిలువునా తోడేస్తుంది. అక్టోబరు తుఫానుల నెల, 2014 అక్టోబరు 12న హుదుద్ విశాఖను తాకిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. సూర్యుడు సముద్రం వైపు నుంచి నేరుగా కొండల మీదికి ఎక్కుతాడు కాబట్టి ఎనిమిది గంటలకే తూర్పు వాలు వేడెక్కుతుంది. ఉదయం ఆరింటికల్లా కొండ అడుగున ఉండేలా చూసుకోండి.

పటం లేకుండా వెళ్ళకండి. భారత సర్వేక్షణ శాఖ వారి 1:50,000 ప్రమాణపు పటాలు అంతర్జాలంలో లభిస్తాయి. ఫోనులోని పటాలు హోటళ్ళను, పెట్రోలు బంకులను చూపినంత శ్రద్ధగా చెరువులను, గెడ్డలను (వాగులను) చూపవు. సర్వే పటంలో మాత్రం నీలిరంగు గీతలు, ఎత్తును తెలిపే గోధుమరంగు గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. మీరు నడవదలచిన దారికి ఇరువైపులా రెండు కిలోమీటర్ల లోపున్న ప్రతి చెరువునూ, గెడ్డనూ ముందు రోజు రాత్రే పెన్సిలుతో గుర్తించి పెట్టుకోండి. పాత రికార్డులు వెతకదలిస్తే పాత పేర్లు తెలిసి ఉండాలి. ఆంగ్లేయుల కాగితాల్లో భీమిలిని బిమ్లీపటం అనీ, విశాఖను వైజాగపటం అనీ రాసేవారు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఇందుకు మంచి ఆధారం. అయితే అది పాలకుడి కంటితో రాసినదని గుర్తుంచుకొని చదవాలి.

వీలైతే నడకలకు ముందు ఒక పూట బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో గడపండి. డచ్చివారి కాలపు పాత బంగళాలో ఉన్న ఈ మ్యూజియంలో, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద దాడి చేసినప్పుడు పేలకుండా మిగిలిన బాంబును కూడా భద్రపరిచారు.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు, పాదాన్ని గట్టిగా పట్టే బూట్లు, ముళ్ళకంపల కోసం నిండు ప్యాంటు, టోపీ, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

మొదటి నడక: తొట్లకొండ

విశాఖ నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మంగమారిపేట దగ్గర, సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ అనే ప్రాచీన బౌద్ధ విహార స్థలం ఉంది. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కి కొండ అడుగున దిగి, ఘాట్ రోడ్డు వెంట నడిచి ఎక్కండి. వాహనంలో పైదాకా వెళ్ళవచ్చు గాని, నడిచి ఎక్కితేనే గాలి ఎక్కడ మారుతుందో, సముద్రపు హోరు ఏ మలుపు దగ్గర వినిపించడం మానేస్తుందో తెలుస్తుంది. పైన నివసించిన భిక్షువులకు అవి రోజూ అనుభవంలో ఉన్న సంగతులే.

పైకి చేరగానే అందరూ మహాస్తూపం వైపు వెళతారు. మీరు ముందుగా కొండరాతిని తొలిచి చేసిన తొట్ల దగ్గరకు వెళ్ళండి. ఈ కొండకు ఆ పేరు వచ్చింది వాటి వల్లనే. తొట్టి అంచున నిలబడి చుట్టూ ఉన్న రాతి వాలును గమనించండి. వాన పడితే నీరు ఎటు నుంచి జారి ఇందులోకి చేరుతుందో చూడండి. ఏటి ఒడ్డున గాని, పెద్ద చెరువు పక్కన గాని కాకుండా కొండ శిఖరాన విహారం కట్టాలని నిశ్చయించుకున్నవారికి ఆకాశం నుంచి పడే నీటిని రాతిలో దాచుకోవడం తప్ప వేరే దారి లేదు. వానాకాలంలో భిక్షువులు తిరుగుడు మానుకొని ఒకే చోట ఉండాలన్న వర్షావాస నియమం ఉన్నందువల్ల, ఆ నెలల్లో నిండిన తొట్లే మిగిలిన ఏడాదికి ఆధారమై ఉంటాయి. ఈ తొట్ల దగ్గర ఒక పావుగంట కూర్చుంటే తక్కినదంతా అర్థమవుతుందని నా నమ్మకం.

ఆ తరువాత తొట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి వంటశాల, భోజనశాల పునాదుల మీదుగా భిక్షువులు నివసించిన గదుల వరుసలకు, అక్కడి నుంచి చైత్యగృహాలకు (ప్రార్థనా మందిరాలకు), చివరికి మహాస్తూపానికి నడవండి. అంటే నీటి దగ్గర బయలుదేరి అన్నం, నిద్ర, ప్రార్థన అనే క్రమంలో ఆ మఠపు ఒక రోజును మీరు నడిచినట్టవుతుంది. గదుల కొలతలను అడుగులతో లెక్కపెట్టి రాసుకోండి. ఒక గదిలో ఒక మనిషి కాళ్ళు చాపుకొని పడుకోవడానికి ఎంత చోటు ఉందో మీకే తెలుస్తుంది.

నౌకాదళ స్థావరం కోసం విమానం నుంచి జరిపిన సర్వేలో ఈ శిథిలాల జాడ బయటపడింది. తరువాత 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం దాకా ఈ విహారం వర్ధిల్లిందని పండితుల నిర్ణయం. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. కొండ అంచుకు వచ్చి కింద కనిపించే సముద్రాన్ని ఆ నాణేలను తలచుకుంటూ చూడండి. ఓడల మీద సరుకు నడిపిన వర్తకులకూ, కొండ మీద వాననీటిని తాగి బతికిన భిక్షువులకూ మధ్య ఉన్న సంబంధం ఆ నాణేల్లో ఉంది.

కొండ దిగాక, తీరంలో మంగమారిపేట దగ్గర ఉన్న సహజ శిలాతోరణాన్ని చూడాలంటే సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలోనే వెళ్ళాలి. పోటు, పాటు వేళలను ముందే తెలుసుకోండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు స్థితిని, ఎత్తైన అలల హెచ్చరికలను రోజూ ప్రకటిస్తుంది. ఒకసారి నేను వేళ చూసుకోకుండా రాళ్ళ మీదుగా వెళ్ళి, తిరిగి వచ్చేసరికి వచ్చిన దారి మోకాలి లోతు నీటిలో ఉండడం చూసి చాలా భయపడ్డాను. ఈ తీరంలో అలలు లోపలికి గట్టిగా లాగుతాయి. ఈత వచ్చినా దిగకండి.

ఇదే వరుసలో తిమ్మాపురం దగ్గర ఉన్న బావికొండకు మరొక రోజు కేటాయించండి. దాని పేరులోనే నీరుంది. వాననీటిని నిలిపిన బావుల వల్ల ఆ పేరు వచ్చింది. 1980లలో జరిపిన తవ్వకాల్లో అక్కడ ధాతువుగా (పూజనీయ అవశేషంగా) ఉంచిన ఎముక ముక్క పాత్రలో లభించింది. రెండు కొండలనూ ఒకే రోజు చూడాలన్న ఆత్రం వద్దు.

ఎర్రమట్టి దిబ్బల్లో అడుగు పెట్టేటప్పుడు

భీమిలికి ముందు నేరెళ్లవలస సమీపంలో ఎర్రమట్టి దిబ్బలు మొదలవుతాయి. తీరం వెంబడి సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున ఉన్న ఈ దిబ్బలను 2014లో భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా వీటికి చోటు దక్కింది. దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాడులోని తేరి ఇసుక నేలల్లోనూ, శ్రీలంకలోనూ తప్ప కనిపించవు. గత మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ మేటలు వేసింది. ఇసుకరేణువులకు పట్టిన ఇనుపతుప్పు వల్ల ఆ ఎరుపు వచ్చింది. తరువాతి వేల ఏళ్ళలో వాననీరు ఆ మేటలను కోసి లోతైన వంకలుగా చీల్చింది. మీరు లోపల నడిచేది ఆ నీరు చెక్కిన దారిలోనే.

ఇక్కడ పాటించవలసిన నియమాలు కచ్చితమైనవి. నలిగిన బాట మీదనే నడవాలి. గోడల్లా నిలిచిన అంచులు ఎక్కకూడదు, ఎందుకంటే చేతితో తోసినా రాలే మట్టి అది. గుప్పెడు మట్టిని కూడా ఇంటికి తీసుకురాకూడదు. వాన పడుతున్నప్పుడూ, పడిన మరుసటి రోజూ లోపలికి వెళ్ళకూడదు. ఇక్కడి మట్టిని తవ్వుకుపోయినవారినీ, చదును చేసినవారినీ తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఒక మేట ఏర్పడడానికి పట్టిన కాలంతో పోలిస్తే మన ఊళ్ళన్నీ నిన్న మొన్నటివే. చుట్టుపక్కల నౌకాదళానికి చెందిన భూములున్నాయి కాబట్టి కంచెలు దాటకండి, డ్రోనులు ఎగరవేయకండి.

భీమిలిలో ఒక పూర్తి రోజు

ఈ ప్రాంతంలో ఒక్క నడకకే సమయముందని ఎవరైనా అడిగితే భీమిలికి వెళ్ళమంటాను. బౌద్ధుల కొండ, డచ్చివారి సమాధులు, ఆంగ్లేయుల రేవు, నది మొగ, మత్స్యకారుల పేటలు అన్నీ ఒకదాని నుంచి ఒకదానికి నడిచి వెళ్ళగల దూరంలో ఉన్నాయి.

ఉదయం చల్లదనం ఉండగానే పావురాలకొండ ఎక్కండి. దీనినే నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. వాలు మీద లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉంది. పైన బౌద్ధ శిథిలాలతో పాటు వాననీటి కోసం రాతిలో తొలిచిన 16 తొట్లు ఉన్నాయి. తొట్లకొండను ముందు చూసినవారికి ఇవి దేనికోసమో ఎవరూ చెప్పనక్కరలేదు, అందుకే ఆ నడకను మొదట పెట్టాను. శిఖరం నుంచి ఉత్తరానికి తిరిగితే గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయాన్ని దాటి వచ్చే నది ఇది. గుహ లోపలికి పడిపోయిన ఆవు పొదుగు నుంచి పుట్టిందని స్థలపురాణం చెబుతుంది, గోస్తని అన్న పేరుకు అదే అర్థం. ఆ మొగ ఎలా వంగిందో, ఇసుక ఎక్కడ మేట వేసిందో మీ పుస్తకంలో ఒక చిన్న బొమ్మ గీసుకోండి. వంకరగా వచ్చినా పరవాలేదు. చిన్న ఓడలకు ఆశ్రయం, పడవలకు లోపలి ఊళ్ళ దాకా దారి, దగ్గరలోనే తియ్యని నీరు ఉన్న చోటును వర్తకులు ఎందుకు వదిలిపెట్టలేదో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది.

కొండ దిగి తీరానికి వచ్చి డచ్చి సమాధుల తోటకు వెళ్ళండి. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం కోసం ఇక్కడ స్థిరపడింది. ఆంగ్లేయులకూ డచ్చివారికీ 1824లో జరిగిన ఒప్పందం ప్రకారం 1825లో భీమిలి ఆంగ్లేయుల వశమైంది. సమాధుల మీది అక్షరాలను ఉప్పుగాలి తినేస్తోంది. వాటిని చదవడానికి సుద్దముక్క రుద్దడం, నూనె పూయడం, తడిపి తుడవడం వంటి పనులు ఎన్నటికీ చేయకండి. ఉదయం ఎండగాని సాయంత్రపు ఎండగాని పక్కవాటుగా పడినప్పుడు ఫొటో తీస్తే, నడినెత్తి ఎండలో కనిపించని అక్షరం కూడా నీడ వల్ల తేలుతుంది. ఎండ లేకపోతే ఫోనులోని టార్చిని రాతికి పక్కగా పట్టుకోండి. కొలత తెలియడానికి పక్కన ఒక కలం పెట్టి ఫొటో తీయండి. ఏ మేరకు చదవగలిగారో ఆ మేరకే రాసుకోండి, లేని అక్షరాన్ని ఊహతో నింపకండి.

తరువాత దీపస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి, గడియారస్తంభం మీదుగా పాత వీధుల్లో నడవండి. 1861లోనే ఈ పట్టణానికి పురపాలక సంఘం ఏర్పడింది. ఒకప్పుడు ఈ రేవు ఎంత పేరుమోసినదంటే, ఉత్తరాంధ్ర పొలాల్లో పండే గోగునారకు వ్యాపార ప్రపంచంలో బిమ్లీ జూట్ అన్న పేరే స్థిరపడింది. మన ఇళ్ళలో గోంగూర పచ్చడికి వాడే మొక్కల జాతికే చెందిన పంట అది. లోపలి ఊళ్ళలో గోగుకట్టలను చెరువుల్లో నానవేసి నార తీసేవారు. అంటే ఈ రేవు ఎగుమతి వెనుక కూడా చెరువు నీరే ఉంది.

ఊరివారిని అడగడం

చరిత్ర చెప్పండి అని అడిగితే ఎవరైనా బెదిరిపోతారు, లేదా సినిమా షూటింగుల సంగతి చెబుతారు. ముందుగా మీరెవరో, ఎందుకు వచ్చారో చెప్పండి. అమ్మా, పెద్దాయనా అని మర్యాదగా పలకరించి, వారు వల అల్లుతున్నా, చేపలు ఆరబెడుతున్నా ఆ పని ఆపించకుండా పక్కన కూర్చోండి. అప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: కుళాయిలు రాకముందు తాగే నీరు ఎక్కడి నుంచి తెచ్చుకొనేవారు? ఆ బావి ఇంకా ఉందా? ఈ ఊరు మొదటి నుంచీ ఇక్కడే ఉందా, ఇంకో చోటి నుంచి వచ్చిందా? ఈ చివరి ప్రశ్న ఉత్తరాంధ్రలో చాలా ఫలితాన్నిస్తుంది. ఇక్కడ ఎన్నో ఊళ్ళ పేర్లు వలస అన్న మాటతో ముగుస్తాయి. ఎవరు వలస వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగితే రెండు మూడు తరాల వెనకటి కథ బయటికి వస్తుంది. గ్రామదేవత గుడి ఎవరు కట్టారో, ఏ నెలలో పండుగ చేస్తారో కూడా అడగండి.

ఆడవారిని అడగడం మరచిపోకండి. నీళ్ళు మోసినవారు వారే. ఒక పేటలో మగవారు ముగ్గురు మూడు బావుల పేర్లు చెబితే, పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ఏ నెలలో ఏ బావి ఉప్పెక్కేదో, అప్పుడు ఎంత దూరం నడిచేవారో వేలు చూపించి మరీ చెప్పింది. ఆవిడ చూపించిన దారినే నేను మరుసటి వారం నడిచాను.

చెప్పినదాన్ని వారి మాటల్లోనే రాసుకోండి, మీ భాషలోకి దిద్దకండి. ఫొటోకి గాని, గొంతు రికార్డు చేయడానికి గాని ముందే అనుమతి అడగండి.

పద్మనాభం

భీమిలి నుంచి లోపలికి, విజయనగరం దిశగా వెళితే పద్మనాభం వస్తుంది. కొండ అడుగున కుంతీమాధవస్వామి ఆలయం, వెయ్యికి పైగా మెట్లు ఎక్కితే శిఖరాన అనంతపద్మనాభస్వామి ఆలయం ఉన్నాయి. పేష్కషు (కప్పం) బకాయిల విషయంలో ఈస్టిండియా కంపెనీతో తగవు పడి, మచిలీపట్నం వెళ్ళిపొమ్మన్న ఆజ్ఞను లెక్కచేయని విజయనగరం రాజు చిన విజయరామరాజు తన బలగంతో ఇక్కడే విడిది చేశాడు. 1794 జూలై 10న తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన దాడి చేసింది. గంట కూడా సాగని పోరులో రాజు, ఆయన వెంట నిలిచిన ఎందరో దొరలు నేలకొరిగారు.

ముందుగా మెట్లు ఎక్కి పైనుంచి మైదానాన్ని, గోస్తనీ పరిసరాలను చూడండి. వేల మంది మనుషులు, గుర్రాలు, ఎడ్లు జూలై నెలలో రోజుల తరబడి విడిది చేయాలంటే ఏమి కావాలో ఆలోచించి, అది కింద ఎక్కడ దొరికి ఉంటుందో పటంతో పోల్చుకోండి. ఆ తరువాతే దిగి యుద్ధభూమి వైపు నడవండి. కొండ మీద నీడ తక్కువ, తొమ్మిదిలోపు దిగిపోవాలి.

మాధవధార నుంచి సింహాచలం

నగరం విడిచి వెళ్ళలేని రోజుకు ఈ దారి ఉంది. మాధవధార దగ్గర మెట్లదారిన కొండ ఎక్కి అవతలి వైపు సింహాచలం చేరవచ్చు. గంగధార, ఆకాశధార, చక్రధార, మాధవధార అని ఈ కొండ మీద ఊటలకు పేర్లు పెట్టుకున్నారంటే ఇక్కడి జీవితంలో వాటి స్థానం ఎంతటిదో ఊహించవచ్చు. దేవాలయంలో వందల శాసనాలున్నాయి, వాటిలో పాతది 11వ శతాబ్దం చివరి నాటిది. 1516లో వచ్చిన కృష్ణదేవరాయల శాసనం కూడా ఉంది. సంపెంగల కాలంలో వెళ్ళండి. ఆషాఢ పౌర్ణమి ముందు జరిగే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ సమయంలో మాత్రం కొండదారిని పరిశీలించడం కుదరదు, అది భక్తితో నడవవలసిన రోజు. అడవిదారిలో ఒంటరిగా వెళ్ళకండి, చీకటి పడకముందే దిగండి.

ఇంటికి వచ్చాక

అదే రాత్రి నోటుపుస్తకాన్ని సాపు రాయండి. చూసినది ఒక పక్క, విన్నది రెండవ పక్క, మీరు అనుకున్నది విడిగా మూడవ చోట ఉండాలి. ఈ మూడూ కలిసిపోతే ఏడాది తరువాత మీకే తేడా తెలియదు. దారిలో పాత పెంకు ముక్క, ఇటుక, నాణెం కనిపిస్తే ఫొటో తీసి అక్కడే వదిలేయండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలియజేయడం తప్పనిసరి. రక్షణ లేని శిథిలాలు ఎక్కడ ఉన్నాయో కచ్చితమైన గుర్తులతో నలుగురికీ పంపకండి, గుప్తనిధుల కోసం తవ్వేవారు అటువంటి సమాచారం కోసమే చూస్తుంటారు. ఆ వివరాన్ని పురావస్తు శాఖకు రాతపూర్వకంగా పంపండి.

పాడుబడిన బావి ఏదైనా కనిపించి ఉంటే దాని స్థానం, లోతు, నీరుందో లేదో, ఏ పేటవారు వాడేవారో ఒక పేజీలో రాసి పెట్టండి. మీకు దాన్ని చూపించినవారి ఫొటో తీసి ఉంటే, ఒక ప్రతి అచ్చు వేయించి తరువాతి నడకకు వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకొని, ముందుగా వారి ఇంటికే వెళ్ళండి.